కింది ఆకు

కోటిలింగంగారిని ఎవరు ఎంత పెద్ద ప్రశ్న అడిగినా, ఆయన ముందు ఒక చిన్న ప్రశ్న వేసేవారు. "ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?" ఆత్మ ఉందా లేదా అని అడిగినా అంతే, పోయాక ఎక్కడికి పోతామని అడిగినా అంతే. కొత్తవాళ్లు నొచ్చుకునేవారు. బాపట్ల నుంచి కారు కట్టించుకొచ్చిన ఒక పెద్దమనిషి, మోక్షానికీ కూరకీ సంబంధమేమిటో అంతుబట్టక, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు కూడా. పాతవాళ్లం మాత్రం ఇంట్లో ఏం వండారో కనుక్కునే బయలుదేరేవాళ్లం.

ఆయన ఆశ్రమమంటే గోపురాలూ గంటలూ అనుకోకండి. ఒక పెంకుటిల్లు, ముందొక వరండా. ఆయన నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. చూపు తగ్గాక మగ్గం తీసేయించి, గుంట పూడ్పించి, ఆ పూడ్చిన చోటే చాప వేసుకుని కూర్చుని మాకు నాలుగు మంచిమాటలు చెప్పేవారు. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. నిజం చెప్పొద్దూ, మొదట్లో నేను వెళ్లింది వేదాంతం కోసం కాదు, గురువారం గురువారం పెట్టే పులిహోర కోసం. తరవాత తరవాత మాటలు కూడా రుచించాయి.

మా అందరిలోకీ పట్టుదల గలవాడు బసవపున్నయ్య. తమలపాకుల వ్యాపారం. యాభై దాటిన మనిషి, నోట్లో ఆకు లేకుండా చూసినవాడు లేడు. ఆ ఏడాది మాఘమాసంలో ఒక గురువారం కోటిలింగం అయ్యగారి ముందు కూర్చుని, ఏళ్లనుంచి అడుగుతున్న మాటే మళ్లీ అడిగాడు.

"అయ్యగారూ, ఒళ్లు కదపకుండా కూర్చోవడం వచ్చేసిందండీ. పొద్దున్నే రెండు గంటలు కూర్చుంటన్నా. ఈగ వాలినా తోలను. అయినా లోపల నిశ్చలం కుదరట్లా. ఈసారి గురుపూర్ణిమకైనా తమరు ఉపదేశం ఇచ్చి ఆ దారేదో చూపించాలి."

"ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?" అన్నారు అయ్యగారు.

"దొండకాయ వేపుడండీ."

"మీ అమ్మగారు కూడా అదే తిన్నారా?"

"ఎక్కడండీ! ఆమెకి గంజే. మంచం మీద నించి లేచి నాలుగు నెలలాయె."

పున్నయ్య తల్లి అంకమ్మగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. గుండె బలహీనంగా ఉందని ఆపరేషన్ వద్దన్నారు. అప్పట్నించీ మంచమే. పున్నయ్యకి తల్లంటే ప్రాణం. కదిలిస్తే ఆమె కేక పెడుతోందని, ఇంట్లో కట్టుదిట్టమైన ఆజ్ఞ జారీ చేశాడు: అమ్మని ఎవరూ కదపకూడదు, హాయిగా పడుకోనివ్వాలి. తన ధ్యానానికి కూడా ఆ గదే ఎంచుకున్నాడు. "ఆమె పక్కన కూర్చుంటే నాకే నిశ్చలం నేర్పుతున్నట్టుంటదండీ. మూలుగు లేదు, సణుగుడు లేదు. యోగిని లెక్క" అన్నాడు. ఆ మాటకి మేమంతా తలలూపాం. నేనైతే "ఎంత పుణ్యాత్మురాలో!" అని పైకే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

అయ్యగారు తల ఊపలేదు. "రేపు పొద్దున మీ ఇంటికొస్తా" అన్నారు.

మర్నాడు నా స్కూటరు మీద తీసుకెళ్లాను. ముందు గదే పున్నయ్య కొట్టు. గంపలు వరసగా పెట్టి, తడిపిన అరటాకులు కప్పి ఉన్నాయి. మమ్మల్ని చూసి లేవబోతే అయ్యగారు వద్దని, అక్కడే పీట వేయించుకున్నారు. పున్నయ్య పని సాగించాడు. గంప దింపడం, కట్టలు తీయడం, పైవి కిందికీ కిందివి పైకీ పెట్టడం, మచ్చ పడిన ఆకు గిల్లి పారేయడం, నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించడం. చెయ్యి ఎంత మెత్తగా ఆడుతోందంటే, చంటిపిల్లకి నీళ్లు పోస్తున్నాడేమో అనిపించింది.

"రోజూ తిప్పాలా పున్నయ్యా?" అన్నారు అయ్యగారు.

"రోజుకి రెండుసార్లండీ. పెళ్లున్నా చావున్నా తప్పదు. మా నాన్న పోయిన రోజున కూడా తిప్పాకే పాడె ఎత్తాం."

"తిప్పకపోతే?"

"బరువుకి కింది ఆకు వేడెక్కి నల్లబడిపోద్దండీ. పై ఆకు పచ్చగా నవనవలాడతానే ఉంటది. అది చూసి మోసపోయామా, గంపంతా గోవిందా!"

అయ్యగారు "ఓహో" అని లేచి, "పద, అమ్మగారిని చూద్దాం" అన్నారు.

గది శుభ్రంగా ఉంది. తెల్లటి దుప్పటి, తలవైపు అగరొత్తులు, నుదుట విభూతి. అంకమ్మగారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. ముఖం ప్రశాంతంగానే ఉంది. కాని అగరొత్తుల వాసన కింద ఇంకో వాసన ఉంది. ముప్పై ఏళ్లు బస్సుల్లో రకరకాల వాసనలు చూసినవాణ్ణి నేను, నాకది తెలుస్తోంది. పాపం, ఆ వాసనకే అగరొత్తులు వెలిగిస్తున్నారు.

అయ్యగారు పున్నయ్య భార్య సామ్రాజ్యాన్ని పిలిచి, "ఒకసారి అమ్మగారిని పక్కకి తిప్పమ్మా" అన్నారు.

"వద్దండీ! నొప్పి పుడతది, ఆమె ఓర్చుకోలేదు" అని పున్నయ్య అడ్డం వచ్చాడు.

"నువ్వూ ఒక చెయ్యి వెయ్యి" అన్నారు అయ్యగారు.

ఇద్దరూ కలిసి తిప్పారు. ముసలామె పళ్లు కరుచుకుంది. దుప్పటి వీపుకి అంటుకుని లేచింది. నడుం కింద, తోకయెముక దగ్గర, అరచెయ్యంత మేర చర్మం నల్లగా అట్టకట్టి ఉంది. దాని అంచునించి చీము కారుతోంది. మడమల దగ్గర కూడా రెండు ఎర్రటి మచ్చలు. సామ్రాజ్యం నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పున్నయ్య ఆ నలుపు వంక చూశాడు, తలుపులోంచి కనిపిస్తున్న గంపల వంక చూశాడు. అలాగే నేలమీద కూలబడ్డాడు.

అయ్యగారు మంచం పక్కకి వంగి, "ఇంత పుండు పెట్టుకుని ఒక్క మాటైనా చెప్పలేదేం తల్లీ?" అని అడిగారు.

అంకమ్మగారు కొడుకు వంక చూసింది. గొంతు పీలగా ఉంది కాని మాట స్పష్టంగానే ఉంది. "ఎట్టా చెప్పను నాయనా? వాడు కళ్లు మూసుకుని దేవుడి దగ్గర కూచుంటాడాయె. పిలిస్తే చెడిపోద్దని ఊరుకున్నా."

పున్నయ్య తల్లి కాళ్లమీద తల పెట్టుకుని భోరున ఏడ్చాడు. నాకూ కళ్లనీళ్లాగలేదు. రోజూ రెండు గంటలు! కొడుకు ఈగని తోలకుండా కూర్చుంటే, ఆ పక్కనే తల్లి మూలుగు మింగుకుని పడుకుంది. ఆ గదిలో అసలు తపస్సు ఎవరిదో ఇక మీరే చెప్పండి.

అయ్యగారు మాత్రం ఏడుపు ఆగేదాకా ఆగి, "ఉపదేశం అడిగావుగా, విను. రెండు గంటలకొకసారి మీ అమ్మగారిని తిప్పు. తిప్పినప్పుడల్లా వీపు చూడు. గురువారం వచ్చి ఏం కనిపించిందో నాకు చెప్పు. అంతే" అన్నారు.

"మరి ధ్యానమండీ?"

"ముందు ఆసుపత్రికి పరిగెత్తు" అన్నారు.

సర్కారు ఆసుపత్రి నించి డాక్టరు వచ్చి నల్లబడ్డ చర్మం కోసి తీసేశాడు. లోపల గుంట పడి ఉంది. ఆ తరవాత రోజు విడిచి రోజు కరుణమ్మ అనే నర్సమ్మ కట్టు మార్చడానికి వచ్చేది. మనిషి పొట్టి, నోరు గట్టి. "ఇంకో పదిరోజులాగితే ఎముకదాకా పోయేది. ఆపైన విషం ఒళ్లంతా పాకితే మీ గురువుగారైనా మా ప్రభువైనా ఏం చేస్తారు? ఇప్పుడు కూడా నేను మాటివ్వలేను. మీ చేతుల్లో ఉంది" అని మొహమ్మీదే చెప్పింది.

ఆ ఇంట్లో ఉన్న తెలివితేటలన్నీ ఆమె ఒక్క పూటలో బయట పారేసింది. మెత్తగా ఉంటుందని నడుం కింద కొత్తగా తెచ్చి పెట్టిన రబ్బరు చక్రం తీయించేసింది. చుట్టూ ఒత్తి పెట్టి మధ్యకి నెత్తురు పోనివ్వదట. ఎర్రబడ్డ చోట కొబ్బరినూనె వేసి రుద్దుతున్న సామ్రాజ్యాన్ని, "రుద్దితే లోపల ఇంకా చితుకుద్ది తల్లీ, అక్కడ చెయ్యి వెయ్యకు" అని ఆపింది. పౌడరు డబ్బా పట్టుకుపోయింది. మాది ఆకుతోటల ఊరు కదా, ఆముదం రాసి వెచ్చజేసిన తమలపాకు వేస్తే పుండు మానిపోతుందని ఇరుగమ్మ ఒకటి, పొరుగమ్మ ఒకటి చెబుతూనే ఉన్నారు. నేనూ తక్కువ తిన్నానా? పొట్లం కట్టుకుని పసుపు తీసుకెళ్లాను. "ఇదేమన్నా చేపముక్కా పెద్దాయనా, పసుపు పట్టించడానికి?" అందామె. పొట్లం మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

చేయాల్సింది కూడా ఆమే చేసి చూపించింది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో పుండు కడగడం. మనిషిని ఈడ్చకుండా, కింద వేసిన దుప్పటి ఇద్దరు రెండువైపులా పట్టుకుని ఎత్తి జరపడం. పూర్తిగా పక్కకి పడేయకుండా, వీపు వెనక దిండు పెట్టి కాస్త వాలుగా ఉంచడం, పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేట్టు చూడడం. గుడ్డ తడిసిందంటే ఆ నిమిషానే మార్చాలి, దుప్పటి మీద ఒక్క ముడత ఉండకూడదు. "గంజి తాగితే కండెక్కడినించి పుడతది? గుడ్డు పెట్టండి, పప్పు పెట్టండి, పాలు పొయ్యండి" అని గట్టిగా చెప్పింది. అప్పుడు గాని నాకు అయ్యగారి కూర ప్రశ్న తలకెక్కలేదు.

పున్నయ్య గడియారం చూసుకుని బతకడం మొదలుపెట్టాడు. గంపలు ఒక కన్ను, అమ్మ ఒక కన్ను. గాలిపరుపు అద్దెకి తెచ్చాడు. అది ఉందని తిప్పడం మానకండి అని కరుణమ్మ బెదిరించింది, అతను మానలేదు. గురువారం గురువారం వచ్చి వరండాలో అప్పజెప్పేవాడు. "అంచులు ఎర్రగా ఉన్నయ్యండీ." "వాసన పోయిందండీ." "గుంట పూడతందండీ." మాకు వేదాంతం వినడానికి కూర్చుంటే ముసలామె వీపు వార్తలొచ్చేవి. మొదట కొందరు విసుక్కున్నారు. చైత్రం వెళ్లేసరికి మేమే అతని కోసం ఎదురుచూసేవాళ్లం. రూపాయి బిళ్లంత అయిందని చెప్పిన రోజున మా అందరికీ పండగే.

ఇంకో వింత, పుండు మానేకొద్దీ అంకమ్మగారికి నోరొచ్చింది. "ఒరే పున్నిగా, రెండు గంటలయింది, తిప్పవేరా!" అని వీధిలోకి వినపడేట్టు కేక. దిండు ఎత్తయిందని ఒకసారి, పల్లమైందని ఒకసారి. దోసకాయ పప్పులో పులుపు చాలలేదని కోడల్ని దులిపేసేది. "ఈ యోగినిని భరించలేకపోతన్నానండీ అయ్యగారూ" అని పున్నయ్య నవ్వుతూ మొరపెట్టుకునేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖం ఇంత వెలుగుతో ఉండేది. రెండు గంటలు కదలకుండా కూర్చున్న రోజుల్లో ఆ వెలుగు నేనెన్నడూ చూడలేదు.

ఆషాఢం వచ్చింది. గురుపూర్ణిమనాడు వరండా చాలక వీధిలో చాపలు వేశారు. పున్నయ్య తొందరగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పుండు మూసుకుంది, కొత్త చర్మం పలచగా గులాబీరంగులో ఉంది, ఇంకా జాగ్రత్తగా ఉండమంది కరుణమ్మ. ఈ కబురు అందరి ముందూ చెప్పి, చేతులు కట్టుకుని, "అయ్యగారూ, అయిదు నెలలైంది, ఒక్క పూట కళ్లు మూసుకుని కూర్చోలా. అప్పుడడిగిన ప్రశ్న అట్టాగే ఉండిపోయింది. నేను వెనకబడిపోయినట్టేనా?" అన్నాడు.

"ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?"

"గుత్తొంకాయండీ. అమ్మ అడిగి చేయించుకుంది."

అయ్యగారు చాలాసేపు నవ్వారు. తరవాత సర్దుకుని కూర్చుని, "సరే, నిశ్చలమంటే ఏమిటో చెప్పుకుందాం" అని మొదలుపెట్టారు. అందరం దగ్గరికి జరిగాం. ఆయన నిశ్చలం గురించి నోరు విప్పడం నేను చేరాక అదే మొదటిసారి. రెండు మాటలు అయ్యాయో లేదో, పున్నయ్య గోడగడియారం వంక చూశాడు. పదకొండు కావస్తోంది. లేచి, అయ్యగారికి దూరంనించే దణ్ణం పెట్టి, చాపల మధ్య అడుగులు చూసి వేసుకుంటూ గబగబా వెళ్లిపోయాడు. సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినిపించింది.

నా పక్కనున్నాయన ఉండబట్టలేక, "అయ్యో, ఏళ్ల తరబడి అడిగి అడిగి, తీరా ఉపదేశం మధ్యలో లేచిపోయాడే!" అన్నాడు.

అయ్యగారు సైకిలు వెళ్లిన వైపే చూస్తున్నారు.

"మధ్యలో ఎక్కడ?" అన్నారు. "అతనికి అయిపోయింది. మనమే ఇంకా మొదలుపెట్టలేదు."