బ్రేకు మీద పెళ్ళికొడుకు

పెదకంచర్ల కనకలింగం ఇంట్లో అందరికీ తెలివి జాస్తి. "మా బుర్రల్లో సగం పంచేసినా ఊరందరికీ సరిపోతుంది" అని ఆయనే మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు. అవునవునని తలూపేది మాత్రం పెళ్ళాం రత్తమ్మా, బావమరిది సోమరాజూను.

అలాంటి ఇంట్లో కొడుకు ఏడుకొండలుకి పెళ్ళి కుదిరింది. పిల్లది పక్కూరే. ముహూర్తం పదిన్నరకి. అది తప్పితే మళ్ళీ శ్రావణం దాకా మంచిరోజే లేదు. కనకలింగం గుండెల్లో అదే దడ. అందుకే తొమ్మిదింటికే అందర్నీ పాత కారెక్కించి తనే నడిపాడు.

ఊరు దాటారో లేదో కారు కీచుమంది. మెకానిక్ మస్తాన్‌కి ఫోన్ కొట్టాడు.

"ఏ చక్రం దగ్గరో చెవి పెట్టి వినండి" అన్నాడు మస్తాన్.

అంతే. కారు ఆపేసి, నలుగురూ నాలుగు చక్రాల దగ్గర పట్టుబట్టలతో బోర్లా పడుకుని విన్నారు. చప్పుడే లేదు.

"మనం వింటున్నామని భయపడిందండీ" అంది రత్తమ్మ.

ఎక్కారు, కీచుమంది. దిగారు, ఊరుకుంది. ఇలా ఏడుసార్లు. టైము పది కొట్టింది. కనకలింగం మళ్ళీ మస్తాన్‌ని ఫోన్లో పట్టుకున్నాడు.

"బ్రేకులు అరిగుంటాయి, నెమ్మదిగా పోనివ్వండి. ముందు బ్రేకు తొక్కి వెనకాల ఎర్రలైటు చూసుకోండి. అది వెలక్కుండా మాత్రం బండి కదిలించకండి, వెనకొచ్చేవాడు గుద్దేస్తాడు!"

ఇంకేముంది! కనకలింగం బ్రేకు తొక్కి, పంచె ఎగ్గట్టి వెనక్కి పరిగెత్తాడు. లైటు లేదు. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ పరిగెత్తాడు.

"నువ్వొచ్చేలోపు ఆరిపోతోంది బావా, ఇంకాస్త జోరుగా పరిగెత్తు!" అన్నాడు సోమరాజు.

నాలుగోసారికి ఆయాసమొచ్చి కూలబడ్డాడు. "ఒరే ఏడుకొండలూ, కుర్రాడివి, నువ్వు తొక్కి పరిగెత్తుకురారా."

ఏడుకొండలు తొక్కాడు. లేవబోతే పట్టుపంచె గేరు కడ్డీకి చిక్కుకుంది. కాలు బ్రేకు మీదే ఉండిపోయింది. వెనకాల ఎర్రగా వెలిగింది!

"కాలు తీశావంటే చంపేస్తా! ఇక బండి కదిలించొచ్చు, తొయ్యండి!" అని అరిచాడు కనకలింగం.

ముగ్గురూ తోశారు. అంగుళం కదిలితే ఒట్టు.

"ఒరే, గట్టిగా తొక్కుతున్నావా?"

"ఉన్న బలమంతా పెట్టి తొక్కుతున్నా నాన్నా!"

"శభాష్!"

పదీ ఇరవై అయింది. పాపం, కనకలింగానికి ఏడుపు ముంచుకొచ్చింది. అంతలో మగపెళ్ళివారు ఏమైపోయారోనని ఆడపెళ్ళివాళ్ళే పురోహితుణ్ణి, పెళ్ళికూతురు వకుళని ఆటోల్లో వేసుకుని ఎదురొచ్చారు.

"దిగు నాయనా, ముహూర్తం!" అన్నాడు పురోహితుడు.

"దిగితే లైటు ఆరిపోద్దండీ!" అన్నాడు ఏడుకొండలు.

చేసేదేముంది? సరిగ్గా పదిన్నరకి కారు తలుపు తీసి, కాలు బ్రేకు మీద ఉంచే తాళి కట్టించారు. మరి ఏడడుగులు? పురోహితుడు తల పట్టుకున్నాడు.

అప్పుడు వకుళ నోరు విప్పింది. "ఏవండీ, ఆ బ్రేకు నేను తొక్కుతా. మీరు దిగి ఏడడుగులూ నడిచొచ్చేయండి."

పిల్ల కారెక్కి బ్రేకు మీద కాలేసింది. పిల్లాడు పంచె విడిపించుకుని ఒక్కడే ఏడడుగులూ నడిచొచ్చాడు. కనకలింగం కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశావటే రత్తం, అచ్చం మనింటి తెలివి! అమ్మా కోడలా, గట్టిగా తొక్కమ్మా!"

కోడలు గట్టిగా తొక్కింది. రెండువైపుల పెళ్ళివారూ కలిసి తొయ్యడం మొదలెట్టారు.