తప్పు అందించిన తిప్పయ్య

వేణుకొండ రాజు జయభూపాలుడి దగ్గరకు పొరుగు రాజు చుట్టపుచూపుగా వచ్చి, తన కోటలో పిల్లలకు గొప్ప బడి ఉందని చెప్పి వెళ్ళాడు. మర్నాటికల్లా మన రాజుకూ బడి కావలసివచ్చింది.

"మా బడిలో పన్నెండే చోట్లు! రాజ్యంలోకెల్లా తెలివైన పన్నెండు మంది పిల్లలే అందులో చదవాలి," అని ప్రకటించి, ఎంపిక భారం ఆస్థాన పండితుడు విశ్వపతిశాస్త్రి మీద పెట్టాడు.

శాస్త్రి పొంగిపోయాడు. ఆయనకు పాఠం చెప్పడం కంటే పరీక్ష పెట్టడమే ఇష్టం. రెండు రోజులు కూర్చుని నిబంధనలు రాశాడు. నిండు సభలో, రాజుగారి ఎదుట, ఒక్కొక్కరికీ రెండు ప్రశ్నలు. తప్పు చెప్పినవాళ్ళకూ, నోరు మెదపనివాళ్ళకూ బడిలో చోటు లేదు. మళ్ళీ రావడానికీ లేదు. పక్కనుంచి సరైన జవాబు అందించినవాళ్ళకు పాతిక కొరడా దెబ్బలు.

చాటింపు వేసిన రోజునుంచి ఊళ్ళో పిల్లలు ఆడుకోవడం మానేశారు. పెరళ్ళలో జ్ఞాపకశక్తికి మంచిదనే సరస్వతాకు మొలవడమే ఆలస్యం, ఎవరో ఒక పిల్లవాడి నోట్లోకి వెళ్ళిపోయేది.

రాజుగారి తోటమాలి బాలయ్య కూతురు మంగతాయికి తొమ్మిదేళ్ళు. ఎక్కాలు, తిథులు, ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల పేర్లు, ముందుకీ వెనక్కీ కూడా గడగడా చెప్పేస్తుంది. ఆ సంగతి తండ్రికి తెలియడంతోనే దానికి కష్టాలు మొదలయ్యాయి.

"భయపడకమ్మా," అని బాలయ్య రోజుకు నలభైసార్లు చెప్పేవాడు. భయపడవలసిన విషయం ఒకటుందని పిల్లకు తెలిసింది అలాగే. మేనత్త పనిగట్టుకుని పక్క ఊరినుంచి వచ్చి, "మన ఇంటి పరువు నీ చేతిలో ఉందే తల్లీ," అని ధైర్యం చెప్పి వెళ్ళింది. పరీక్ష పది రోజులుందనగా మంగతాయి అన్నం మానేసింది. ప్రశ్న అడిగితే చాలు, పెదవులు బిగుసుకుపోయి కళ్ళనిండా నీళ్ళు తిరిగేవి.

బాలయ్య తన స్నేహితుడు తిప్పయ్య దగ్గరకు వెళ్ళి కూలబడ్డాడు. తిప్పయ్య రాజుగారి పక్కన నిలబడి తాంబూలం అందించే కొలువు చేస్తున్నాడు. చేతికి పని తక్కువ కాబట్టి బుర్రకు పని ఎక్కువ.

"ఇంట్లో పరీక్ష మాట ఎత్తకు. సాయంత్రాలు పిల్లను నా దగ్గరకు పంపు. తిప్పయ్య బాబాయికి ఎక్కాలు రావట, నేర్పమని చెప్పు," అన్నాడు తిప్పయ్య.

"పరీక్ష దానికా, నీకా?"

"నాకే అనుకో."

మూడోనాడు బాలయ్య ఉండబట్టలేక వెళ్ళి తొంగిచూశాడు. తిప్పయ్య బుద్ధిగా చేతులు కట్టుకుని, "పన్నెండు ఏడులు తొంభై," అంటున్నాడు. మంగతాయి పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"కాదు బాబాయ్! ఎనభై నాలుగు! మళ్ళీ చెప్పు!"

వీడు దానికి వచ్చింది కూడా పోగొట్టేలా ఉన్నాడని బాలయ్యకు బెంగ పట్టుకుంది. కానీ పిల్ల ఇంటికొచ్చి మారు వడ్డించుకుని మరీ తిన్నది. దాంతో నోరు మూసుకున్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దెక్కేసరికి పదకొండు చోట్లు నిండిపోయాయి. మంగతాయి వంతు వచ్చింది. శాస్త్రి కనుబొమలు ముడిచి చూశాడు.

"పదిహేడు తొమ్మిదులెంత?"

మంగతాయి పెదవులు బిగుసుకుపోయాయి. సభంతా దాన్నే చూస్తోంది. సభ వాకిట్లో బాలయ్య కళ్ళు మూసుకున్నాడు.

రాజుగారి పక్కనుంచి తిప్పయ్య నిదానంగా, "నూట నలభై," అన్నాడు.

"కాదు బాబాయ్! నూట యాభై మూడు!" అన్నది మంగతాయి.

శాస్త్రి ఆసనం మీదనుంచి లేచిపోయాడు. "ప్రభూ! వీడు జవాబు అందించాడు! పాతిక కొరడా దెబ్బలు!"

తిప్పయ్య చేతులు జోడించాడు.

"సరైన జవాబు అందిస్తేనే కదండీ కొరడా దెబ్బలు. తప్పు చెప్పినవాళ్ళకు బడిలో చోటు లేదన్నారు. నాకు బడి అక్కర్లేదు ప్రభూ."

రాజు నిబంధనలు తెప్పించి చూశాడు. అలాగే ఉంది. రాసింది శాస్త్రే.

"అయితే రెండో ప్రశ్నకు వీడి నోరు కట్టించండి! అరవై సంవత్సరాల పేర్లు అక్షయ నుంచి వెనక్కి చెప్పాలి," అన్నాడు శాస్త్రి.

రాజు పళ్ళెంలోంచి పెద్ద తాంబూలం తీశాడు. దానికి నోరు తెరిచే ముందు తిప్పయ్య నిట్టూర్చాడు.

"వెనక్కా ప్రభూ? పసిపిల్ల మాట అటుంచండి. ఈ సభలో ఎవరివల్లా కాదు."

రాజు తాంబూలం వాడి నోట్లో కుక్కాడు. కానీ శాస్త్రికి అప్పటికే మొహం కందగడ్డయింది.

"ఎవరివల్లా కాదా? నావల్ల కాదా? వినండి! అక్షయ, క్రోధన, రక్తాక్షి, రుధిరోద్గారి, దుర్మతి, రౌద్రి..."

"దుందుభి వదిలేశారండీ," అన్నది మంగతాయి.

మంగతాయి ఆగలేదు. దుందుభి దగ్గర పట్టుకుని ప్రభవ దాకా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది.

"పండితుల్నే దిద్దావే, భయం వెయ్యలేదా?" అన్నాడు రాజు.

"వేసిందండీ. కానీ తప్పు వింటే ఆగలేనండీ."

"ఇది చెల్లదు ప్రభూ! మళ్ళీ ఎవరో తప్పు అందించే ఉంటారు!" అని అరిచాడు శాస్త్రి.

రాజు తిప్పయ్య వైపు తిరిగాడు. "ఈసారి అందించిందెవరు?"

తిప్పయ్య నిదానంగా నమిలి, మింగి, చెప్పాడు.

"శాస్త్రిగారే ప్రభూ. నా నోట్లో అప్పుడు తాంబూలం ఉంది."

రాజు నవ్విన నవ్వుకు కిరీటం పక్కకు ఒరిగిపోయింది. పన్నెండో చోటు మంగతాయికి ఇచ్చి, తన భుజం మీది శాలువా తీసి తిప్పయ్యకు కప్పాడు.