ఉడుత పట్టిక, కాకి లెక్క

అనగనగా అంటే మరీ పాతకాలం కాదు. అడవికి సెల్‌ఫోన్ సిగ్నల్ వచ్చిన మూడో ఏడు.

ఒక బుధవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఉడుత పళ్లు తోముకుంటూ ఫోన్ తెరిచింది. తెరిచి ముందుగా చూసింది తన పట్టిక కాదు, కాకి పట్టిక.

ఉడుత ఫోన్లో అంగళ్ల పట్టిక నడిపేది. తేనె ఎవరమ్ముతారు, కుండలెవరు చేస్తారు, ఏ దారిన వెళ్లాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నీ అందులో ఉండేవి. పేరు ఉంచినందుకు ఒక్కో అంగడివారు నెలకొక సోలెడు వేరుశెనగలు ఇవ్వాలి. ఏరు అవతల కాకి కూడా అలాంటి పట్టికే పెట్టింది.

ఉడుత పట్టికలో నలభై ఒక్క పేర్లు. కాకి పట్టికలో ఆ ఉదయానికి నూట పన్నెండు.

"నిన్న నూట తొమ్మిదే కదా! దాని గొంతు విని పేరిచ్చేవాళ్లు కూడా ఉన్నారా?" అని ఉడుత పళ్లు కొరికింది. నోట్లో వేపపుల్ల విరిగింది.

కష్టం మరొకటి ఉంది. సిగ్నల్ స్తంభం వడ్రంగిపిట్టది. శుక్రవారం సూర్యాస్తమయానికి ముప్పై సోలల కిరాయి కట్టాలి. కట్టకపోతే పట్టిక ఆరిపోతుంది. తొర్రలో ఇరవై ఐదే ఉన్నాయి. ఎలుగుబంటి, నెమలి, నక్క మూడేసి నెలలుగా బాకీ. ఉడుత సంచి భుజాన వేసుకుని బయలుదేరింది.

ముందు ఎలుగుబంటి తేనె అంగడికి వెళ్లింది. అక్కడ ఐదుగురు బేరగాళ్లు వరుసలో నిలబడి ఉన్నారు.

"ఈ నెల వ్యాపారం బొత్తిగా లేదు కోడలా" అంది ఎలుగుబంటి, మూతి తుడుచుకుంటూ.

"మరి వీళ్లెవరు మామా?"

"చుట్టాలు. అయినా నువ్వింత పీడిస్తే ఎలాగ? కాకి పట్టికలోకి పోతాను. అది నోరు తెరిచి అడగదు."

కాకి పేరు వినగానే ఉడుత సంచి కింద పెట్టేసింది. నలభై ఒకటి నలభై అయితే ఏరు అవతల ఎంత నవ్వుకుంటారో! "పోకు మామా, పోకు. నీ పేరు పట్టికలో అన్నిటికన్నా పైన పెడతాను. ఊరికే!" అంది.

తరవాత బట్టలకు రంగులద్దే నెమలి. "నేనూ కాకి దగ్గరికే చెల్లీ" అంది. ఉడుత దాని బొమ్మ పెద్దదిగా వేస్తానంది.

చివరికి మిఠాయిలమ్మే నక్క. ఉడుత అడగకముందే అది "కాకి..." అని మొదలుపెట్టింది. ఉడుత దాని పేరు బంగారు రంగులో రాస్తానంది.

వసూలుకు వెళ్లిన ఉడుత మూడు వరాలిచ్చి, ఖాళీ సంచితో ఇల్లు చేరింది.

గురువారం కుండలు చేసే తాబేలు వచ్చింది. అది ఏనాడూ ఒక్క నెల తప్పలేదు. చేతిలో వచ్చే నెల సోలెడు గింజలు కూడా ఉన్నాయి. కానీ ఇవ్వలేదు.

"కట్టని ముగ్గురూ పైన మెరుస్తున్నారు. రెండేళ్లుగా కట్టే నేను అడుగున ఉన్నాను. ఇవి ఇవ్వాలో మానాలో నువ్వే చెప్పమ్మా."

ఉడుతకు తల కొట్టేసినట్టయింది. మరుక్షణం కోపమొచ్చింది. ఫోన్ తీసి ఆ మూడు పేర్ల పక్కన 'ఎగవేతదారు' అని రాయబోయింది.

"ఆగు" అంది తాబేలు. "ఒక నెల నా చెయ్యి ఆడకపోతే నా పేరు పక్కనా ఇదే రాస్తావు కదా అని మంచివాళ్లు భయపడతారు. పరువు తియ్యకు. పేరు తియ్యి."

"తీస్తే ముప్పై ఎనిమిదే మిగులుతాయి తాతా! కాకికి నూట పన్నెండు!"

"నీకు స్తంభం కిరాయి కాకి కడుతుందా?"

ఉడుత తొర్రలోని గింజలు మళ్లీ లెక్కపెట్టుకుంది. తరవాత ముగ్గురికీ ఒకే కబురు పంపింది. 'మూడు సోలల బాకీ. రేపు తెల్లవారేదాకా గడువు. ఆ తరవాత మీ పేరు కనిపించదు. కట్టిన పూటే తిరిగి కనిపిస్తుంది.' తాబేలు తన గింజలు తొర్రలో పోసి వెళ్లింది.

శుక్రవారం తెల్లవారింది. ఎవరూ రాలేదు. ఉడుత మూడు పేర్లు తీసేసింది. ఒక్కో పేరు తీస్తుంటే పంటి కింద రాయి పడినట్టే ఉంది.

"ముప్పై ఎనిమిదట! ముప్పై ఎనిమిదట!" అని ఏరు అవతల కాకి అరిచింది. ఉడుత చెవులు మూసుకుంది.

మధ్యాహ్నానికి ఎలుగుబంటి రొప్పుతూ వచ్చింది. అది కిందటి నెలే కొత్త గుహకు మారింది. పట్టికలో దారి లేకపోయేసరికి బేరగాళ్లు పాత గుహ దాకా వెళ్లి తిరిగిపోతున్నారు.

"ముందు పేరు పెట్టు కోడలా. లెక్క తరవాత చూసుకుందాం."

"లెక్క ముందు మామా. పేరు ఎంతసేపు, చిటికెలో పెడతాను."

ఎలుగుబంటి గొణుక్కుంటూ మూడు సోలలు కొలిచింది. సాయంత్రం నెమలి కూడా వచ్చి, "పెద్ద బొమ్మ మాటేమిటి?" అంది. "దానికి వేరే సోలెడు అక్కా" అంది ఉడుత. నెమలి మూతి ముడుచుకుని బాకీ వరకు కట్టింది.

ఉడుత గింజలు కొలిచింది. ముప్పై రెండు. సూర్యుడు దిగేలోగా కిరాయి కట్టేసింది.

నక్క రాలేదు. "నాకు కాకి చాలు" అని కబురు పెట్టింది. పట్టికలో నలభై పేర్లు నిలిచాయి.

ఆ తరవాత ఉడుత కాకి పట్టిక తెరిచి చూడనేలేదు. ఆరు రోజులకు వడ్రంగిపిట్ట చెబితేనే ఒక సంగతి తెలిసింది. దాచుకున్న గింజలు అయిపోయి, స్తంభం కిరాయి కట్టలేక కాకి పట్టిక ఆ శుక్రవారమే ఆరిపోయింది. దాని నూట పన్నెండు పేర్లలో ఏ ఒక్కరూ ఏనాడూ గింజ ఇవ్వలేదట. మరి ఎందుకు ఉంచావని పిట్ట అడిగితే, "తీసేస్తే ఉడుత నన్ను దాటిపోదూ?" అందట.

పక్కవాడి లెక్క చూసి కుళ్లుకునేవాడు తన లెక్క తప్పుతాడు. ఇచ్చేవారిని నిలుపుకున్నవాడే నిలుస్తాడు.