నూకాలు కట్టిన వరస

వంశగిరి రాజు లోకనాథ దేవుకి ఆకలి ఆగదు, కోపం అంతకన్నా ఆగదు. ఆ రెండూ ఒకేసారి వచ్చిన రోజు సంగతి చెబుతాను, వినండి.

ఆ సంస్థానంలో ఓ ఆచారం ఉండేది. సోమవారం కొలువులో రాజు ప్రజల మొరలు వినాలి. చివరివాడి నోట "ఇక ఎవరూ లేరు" అన్న మాట వచ్చేదాకా గద్దె దిగకూడదు, మెతుకు ముట్టకూడదు. ఏ ముత్తాతగారు పెట్టారో గాని, ఆయనకి అన్నం సయించేది కాదనుకుంటాను.

మొరల వరస చూసేది కూర్మనాథ పాత్రుడు. ఆయన కోట ముంగిట నూరు రాళ్ళు పరిపించి, వాటి మీద అంకెలు చెక్కించాడు. ఒకటో రాయి మీదవాడు ముందు, ఆ పైన రెండోవాడు, అలాగ. "ఇంత పకడ్బందీ వరస భూమ్మీద ఎక్కడుందో చూపించండి!" అని మీసం దువ్వుకునేవాడు.

ఓ సోమవారం మంత్రసాని ఒకావిడ పరుగున వచ్చింది. పురిటింటికి పోవాలి, తన మొర తొందరగా వినమంది. "నాలుగో రాయి మీద కూర్చోపెట్టండి" అన్నాడు రాజు. ఇంకేముంది! నాలుగోవాడు ఐదుకి, ఐదోవాడు ఆరుకి... మూటలూ కర్రలూ కోళ్ళూ పట్టుకుని తొంభైమంది లేచారు. ముసలాళ్ళు శాపనార్థాలు పెట్టారు. కోడి ఒకటి ఎగిరి రాజుగారి గొడుగెక్కింది. అందరూ సర్దుకున్నారో లేదో, ఏడో రాయివాడు "నా తగువు తీరిపోయింది" అంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ అందరూ ఇటు జరిగారు.

రాజుకి చిర్రెత్తుకొచ్చింది. "మధ్యలో ఒకరొచ్చినా, ఒకరు పోయినా తక్కినవాళ్ళు కదలకూడదు. అలాంటి వరస ఎవరైనా కట్టగలరా?"

"బ్రహ్మ తరం కాదు ప్రభూ!" అన్నాడు పాత్రుడు.

"నేను కడతాను మారాజా" అంది రాజుగారికి తమలపాకులు చుట్టి ఇచ్చే నూకాలు.

పాత్రుడు పకపకా నవ్వాడు. "ఆకులు చుట్టడం అనుకున్నావేమే? కట్టలేకపోతే కోట విడిచి పోతావా?"

నూకాలుకి నా అన్నవాళ్ళు లేరు, తల దాచుకునేది కోటలోని చిన్న గదే. అయినా తగ్గలేదు. "పోతాను బాబూ. కట్టగలిగితే?"

"నా పదవి నీకే!"

"సరే, మాట మాటే" అన్నాడు రాజు.

మరుసటి సోమవారం ముంగిట్లో రాళ్ళ జోలికి ఎవరూ పోలేదు. ఎవరికి నీడ దొరికినచోట వాళ్ళు చతికిలబడ్డారు. నూకాలు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఒకటే చెప్పింది. "నీ మొర అయ్యాక ఎవర్ని పిలవాలో ఆ పేరు గుర్తుపెట్టుకో. తక్కిన గొడవ నీకొద్దు." చివర్న బుట్టలల్లే పైడయ్యకి మాత్రం "ఇక ఎవరూ లేరు" అనమంది. ఆ తర్వాత రాజు దగ్గరికొచ్చింది.

"మొదటివాడు అప్పలస్వామి, మారాజా. మీకు ఆ ఒక్క పేరు చాలు."

అప్పలస్వామి తన మొర చెప్పుకుని ఎర్రెమ్మని పిలిచాడు. ఎర్రెమ్మ కమ్మరి సన్యాసిని పిలిచింది. ఇంతలో గవరమ్మ ఏడుస్తూ వచ్చింది. ఆవు దూడ వేయలేక అవస్థ పడుతోందట. నూకాలు సన్యాసి చెవిలో, "నీ తర్వాత దాలయ్య కాదు, గవరమ్మ" అంది. గవరమ్మతో, "నీ తర్వాత దాలయ్య" అంది. అంతే! ఎవరూ లేవలేదు. దాలయ్యయితే కునుకు తీస్తున్నవాడు తీస్తూనే ఉన్నాడు.

పాత్రుడికి ఒళ్ళు మండింది. "యాభయ్యోవాడెవడో చెప్పు చూద్దాం!"

"తెలీదు బాబూ. మొదటినుంచి ఒక్కొక్కర్నీ అడుగుతూ పోవాలి."

"చూశారా ప్రభూ! నా రాళ్ళయితే చిటికెలో చెప్పేవాణ్ణి!"

"మారాజు ఒకరి తర్వాత ఒకర్ని వింటారు. యాభయ్యో చోటుతో పని, ఆ చోటు ఇప్పిస్తానని నేతికుండలు పుచ్చుకునేవాళ్ళకే."

కొలువంతా గొల్లున నవ్వింది. పాత్రుడి మొహం మాడిపోయింది. అప్పుడు చేశాడు చూడండి, పాడు పని! నెమ్మదిగా పైడయ్య దగ్గరికి పోయి, "వరస మారిందిరా. నీ తర్వాత మళ్ళీ అప్పలస్వామి" అన్నాడు. పెద్దవాళ్ళ మాట, పైడయ్య సరేనన్నాడు.

మధ్యాహ్నం దాటింది. రాజు కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. పైడయ్య తన మొర ముగించి గొంతెత్తాడు.

"అప్పలస్వామీ!"

రాజు ఉలిక్కిపడ్డాడు. పిలుపందుకున్నవాడి మొర వినక తప్పదు. అప్పలస్వామికి మాత్రం పండగే! పక్కింటి మేక ఆనపపాదు మేసేసిందని వాడి గోల. ఈసారి మేక అమ్మమ్మ దగ్గర్నుంచి అందుకున్నాడు.

"నూకాలూ! ఇది వరసా, గానుగా?" అని రాజు అరిచాడు. "ఇలా తిరుగుతూ ఉంటే నేను తినేదెప్పుడు? మూట కట్టుకో!"

నూకాలు పరుగున పైడయ్య దగ్గరికి వెళ్ళింది. "ఆ పేరు ఎవరు చెప్పారు తాతా?"

"పాత్రుడు బాబే సెప్పారమ్మా."

ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి, కోపం కూడా వచ్చింది. కానీ బయటపెడితే పాత్రుడి మాట నమ్ముతారా, బుట్టలవాడి మాట నమ్ముతారా? ముసలాడి వీపు చిట్లుతుంది. క్షణం ఆలోచించింది. అప్పటికి మేక తల్లి దాకా వచ్చిన అప్పలస్వామి చెవిలో ఏదో ఊదింది.

అప్పలస్వామి మొర ముగించి, చెమట తుడుచుకుని, పిలిచాడు.

"కూర్మనాథ పాత్రుడు బాబూ!"

"నేనా?" పాత్రుడు ఎగిరిపడ్డాడు. "నాకే మొరా లేదు!"

"లేకపోతే మరీ మంచిది" అన్నాడు రాజు. "నీ తర్వాత ఎవరో చెప్పు, త్వరగా!"

నూకాలు పాత్రుడికి వినయంగా చేతులు జోడించింది.

"నేనైతే మీకు ఏ పేరూ చెప్పలేదు బాబూ. ఇంకెవరైనా చెప్పి ఉంటే, ఆ పేరూ, చెప్పినవాళ్ళ పేరూ రెండూ సెలవియ్యండి."

ఏ పేరు చెప్పినా, దొంగ వరస కట్టింది తనేనని తేలిపోతుంది. ఊరుకుంటే ఆకలిమీదున్న రాజు ఊరుకోడు. పాత్రుడు రాజు వైపు తిరిగాడు.

"ఇక... ఎవరూ లేరు ప్రభూ."

రాజు పాత్రుణ్ణి చూశాడు, తలొంచుకున్న పైడయ్యని చూశాడు, నూకాలుని చూశాడు. సంగతి బోధపడింది. పొట్ట చేత్తో పట్టుకుని పడీపడీ నవ్వాడు.

"నూకాలు వరస పూర్తయిందని నీ నోటితోనే చెప్పావు కదయ్యా పాత్రుడూ! ఇక నీ పదవి ఆమెదే!" అంటూ మెడలో ముత్యాలసరం తీసి నూకాలు చేతిలో పెట్టాడు. కొలువంతా ఈలలూ చప్పట్లూ. అవి ఆగేలోపే రాజు గద్దె దిగి, చెప్పులైనా వేసుకోకుండా వంటశాల వైపు పరుగు తీశాడు.