జుట్టు కోసం వచ్చిన సత్యవేణి

అంబాజీపేటలో శేషమాంబ గారి దగ్గర వైద్యం నేర్చుకున్నవాళ్ళందరూ ఒక మాట చెబుతారు. ఆవిడను ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. "చూద్దాంలే" అంటారు. ఆ చూడటం ఒక్కోసారి సాయంత్రానికి తేలుతుంది, ఒక్కోసారి ఏడాది పడుతుంది.

వాసంతి ఆవిడ దగ్గర చేరి రెండేళ్ళయింది. ఆయుర్వేద కళాశాలలో పట్టా పుచ్చుకుని, చెయ్యి తిరగడం కోసం వచ్చిన అమ్మాయి. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. ఒకనాడు ఉదయం, రోగులెవరూ రాకముందు, కల్వంలో పిప్పళ్ళు నూరుతూ అడిగింది.

"అమ్మగారూ, జుట్టు రాలకుండా, నెరవకుండా ఖరీదైన మాత్రలేవో వస్తున్నాయి కదా. మన దగ్గరికొచ్చేవాళ్ళు అడుగుతున్నారు. వాటిని నమ్మవచ్చంటారా?"

రోగుల పేరు చెప్పింది గానీ, అడిగింది తన కోసమే. పాపిట పలచబడి, చెవుల పైన నెరుపు మొదలై ఏడాది దాటింది. నాలుగు నెలలుగా అలాంటి మాత్రలే ఎవరికీ తెలియకుండా మింగుతోంది. రోజూ పొద్దున్నే దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను అరచేతిలో వేసుకుని, నిన్నటి కంటే తగ్గాయా అని లెక్కపెట్టుకుంటోంది. వైద్యురాలై ఉండి ఆ సంగతి నోరు విడిచి చెప్పుకోలేకపోయింది.

శేషమాంబ గారు తలెత్తి ఆమె వైపు ఒక్క క్షణం చూసి, "చూద్దాంలే" అన్నారు.

పదిగంటల వేళ సత్యవేణి అనే ఆవిడ వచ్చింది. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనే షెడ్డులో ఆమెకు పని. నలభై రెండేళ్ళ మనిషి. తల మీది కొంగు తియ్యడానికే సిగ్గుపడింది. తీసి చూపిస్తే, పిడికిలికి పట్టనంత లావుండేదని ఆమె చెప్పిన జడ ఇప్పుడు చిటికెన వేలంత ఉంది. సంచిలోంచి నిగనిగలాడే డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. వాసంతి ఆ డబ్బాను చూడగానే గుర్తుపట్టింది. తను వాడుతున్నదీ అదే.

"ఇది అయిదో డబ్బా అండి. ఫోన్లో చూసి తెప్పించుకున్నాను. ఆరు నెలలు ఓపిక పట్టమన్నారు. ఇంకో నెలుంది. ఈలోగా ఉన్నది కాస్తా ఊడిపోయేలా ఉందండి. అసలిది మంచిదో కాదో మిమ్మల్ని అడిగి పోదామని వచ్చాను."

"నువ్వు చూడమ్మా" అని శేషమాంబ గారు వాసంతికి కుర్చీ వదిలి, తాను పక్కనున్న పీట మీద కూర్చున్నారు.

వాసంతి పాయలు తీసి మాడు చూసింది. చుండ్రు లేదు, పుండు లేదు, పేనుకొరుకుడూ కాదు. ఏ నూనె రాస్తావు, ఏ నీళ్ళు పోసుకుంటావు, కుంకుడుకాయా షాంపూనా అని అడిగింది. అన్నిటికీ సత్యవేణి ఓపికగా బదులిచ్చింది. వాసంతి మందు రాయడానికి కాగితం లాక్కుంది.

"తల చూశావు, బాగానే ఉంది" అన్నారు శేషమాంబ గారు మెల్లగా. "ఆ తల కింద మనిషిని ఎప్పుడు చూస్తావు?"

వాసంతి మొహం ఎర్రబడింది. కలం కింద పెట్టి సత్యవేణి చెయ్యి పట్టుకుంది. చల్లగా తగిలింది. గోళ్ళు పాలిపోయి పల్చగా వంగి ఉన్నాయి. కూర్చున్న మనిషికి నాడి పరుగెత్తినట్టు కొట్టుకుంటోంది. కంటి కింది రెప్ప లాగి చూస్తే, ఎర్రగా ఉండవలసిన చోట లేత కొబ్బరిలా తెల్లగా ఉంది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"మెట్లేంటండీ, బిందె ఎత్తినా వస్తోంది. వయసు మీద పడింది కదండీ."

"నెలసరి సరిగ్గా వస్తోందా?"

సత్యవేణి గుమ్మం వైపు చూసింది. వాసంతి లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. అప్పుడు సత్యవేణి గొంతు తగ్గించి చెప్పింది. ఎనిమిది నెలలుగా ప్రతిసారీ పది పన్నెండు రోజులు ఆగడం లేదట. మొగుడితో చెప్పలేదు, ఆడపడుచుతో చెప్పలేదు. షెడ్డులో పక్కన కూర్చునేవాళ్ళకు కూడా తెలియనివ్వలేదు.

"ఎందుకు చెప్పలేదు?" అంది వాసంతి.

"అది ఎవరితో చెప్పుకుంటామండీ? జుట్టంటే నలుగురికీ కనబడుతుంది. అందుకే దానికి మందేసుకున్నాను."

వాసంతి బల్ల మీది డబ్బా వైపు చూసింది. ఎనిమిది నెలలు ఒళ్ళంతా పిలుస్తుంటే, ఈవిడ రోజుకో మాత్ర మింగి, నాకు వైద్యం జరుగుతోందిలే అని ధైర్యం చెప్పుకుంది.

శేషమాంబ గారు లేచి సత్యవేణి తల మీద చెయ్యి వేశారు. "ఇది నా చేతిలో వైద్యం కాదు తల్లీ. ఇప్పుడే అమలాపురం ఆసుపత్రికి వెళ్ళాలి. వాసంతి నీకు తోడొస్తుంది."

ఆటోలో సత్యవేణి వాసంతి భుజం మీద వాలిపోయింది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసిన డాక్టరు కాగితం రెండుసార్లు చూసుకుని, ఈవిడ నడిచి వచ్చిందా అని అడిగారు. పన్నెండు గ్రాములుండవలసిన హిమోగ్లోబిన్ అయిదు గ్రాములే ఉందట. ఆ సాయంత్రమే రక్తం ఎక్కించారు. గర్భసంచిలో గడ్డ ఉందని, అది చెడ్డది కాదని తేలడానికి పది రోజులు పట్టింది. ఒంట్లో కాస్త రక్తం పట్టాక ఆపరేషన్ చేస్తామన్నారు. ఆడపడుచు వచ్చేదాకా రెండు రోజులు వాసంతి మంచం పక్కనే ఉంది. తల చిక్కుపడితే, ఒక్కో పాయా విడదీసి, నొప్పి తెలియకుండా దువ్వి జడ వేసింది.

తిరిగి వచ్చాక గురువు ముందు నిలబడి, "ఆ మాత్రలు నేనూ వేసుకుంటున్నానమ్మగారూ" అంది.

శేషమాంబ గారు నవ్వలేదు. "అనుకున్నానమ్మా. ముప్పై అయిదో ఏట నాకు తల నెరిస్తే, మూడేళ్ళు గుంటగలగరాకు నూనె కాచుకుని రాసుకున్నాను. ఊళ్ళో అడిగినవాళ్ళకల్లా పోశాను కూడా. మనసు ఒప్పుకోదు, ఏం చేస్తాం? ముందు నువ్వు వెళ్ళి రక్తం చూపించుకో."

చూపించుకుంది. ఏ లోపమూ లేదన్నారు. వాసంతి తండ్రికి ముప్పై ఏళ్ళకే తల ముగ్గుబుట్టయింది. ఆ పోలికే వచ్చింది. మాత్రలు ఆవేళే మానేసింది. దువ్వెన వైపు చూడటం మానడానికి మాత్రం ఇంకొంత కాలం పట్టింది.

ఆపరేషనయిన ఏడు నెలలకు సత్యవేణి వచ్చింది. మొహంలో కళ వచ్చింది. ఆయాసం లేకుండా మాట్లాడుతోంది. ఈసారి అడగకుండానే కొంగు తీసింది. నుదురు చుట్టూ పొట్టి పొట్టి కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. సగానికి పైగా తెల్లవే.

"రాలడం ఆగిందండి. కొత్తవీ వస్తున్నాయి. కానీ ఇవన్నీ ఇలా తెల్లగా వస్తున్నాయేంటండీ? వీటికేమైనా మందుందా?"

శేషమాంబ గారు ఆ పొట్టి వెంట్రుకలను వేలి కొసలతో వెనక్కి నిమిరారు.

"రాలినవి ఏదో చెప్పడానికి రాలాయమ్మా. ఇవి నీ మీద ఏ చాడీ చెప్పడం లేదు. ఉండనీ."