దీపాలవేళ తాళం

ఒకానొక రాజ్యంలో రాజుగారికి కొత్త కోట వచ్చింది. దానితోపాటు కొత్త భయమూ వచ్చింది.

రాజు పేరు ఉద్దండరాయలు. పాత కోట తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉండిపోయాయో తెలియక ఆయనకు ఏళ్ళ తరబడి నిద్ర లేదు. అందుకని కొత్త కోట సింహద్వారానికి కమ్మరి మల్లాచారి చేత గుమ్మడికాయంత తాళం చేయించాడు. పొద్దున్నే పాలు పొంగించి గృహప్రవేశం చేశాడు. లోపలివైపు అడ్డగడియ పెట్టించి, దానికి ఆ తాళం తగిలించి, తాళంచెవిని మెళ్ళో వేసుకున్నాడు.

ఆ తరువాత మల్లాచారిని చెరసాలలో వేయించాడు.

మల్లాచారి భార్య ఏడుస్తూ విదూషకుడు కొండుభట్టు ఇంటికి పరుగెత్తింది. "బాబయ్యా, బాగా చేసినందుకు శిక్షేమిటి? పాడుగా చేసుంటే వదిలేసేవారా?"

భట్టు ఉత్తరీయం సవరించుకుని నేరుగా కోటకు వెళ్ళాడు. రాజు సింహద్వారం పైనున్న గవాక్షంలోంచి తల బయటపెట్టి మాట్లాడాడు. తలుపు తీసే ఉద్దేశం ఆయనకు లేదు.

"ఇలాంటి తాళంచెవి లోకంలో ఒక్కటే ఉంది భట్టూ! రెండోది చేయగలిగిన చెయ్యి మల్లాచారిది. అందుకే ఆ చేతిని నా దగ్గరే ఉంచుకున్నాను."

"ఎన్నాళ్ళు ప్రభూ?"

"తాళం తుప్పు పట్టేదాకా."

"మల్లాచారి చేసిన తాళాలు తుప్పు పట్టవు కదా!"

"అది వాడు ముందే ఆలోచించుకోవాల్సింది."

భట్టు కాసేపు ఆ తలుపును ఎగాదిగా చూశాడు. "ప్రభూ, మల్లాచారి సాయం లేకుండా నేను ఈ తలుపులోంచి లోపలికి వస్తే అతన్ని వదిలేస్తారా?"

రాజు మీసం దువ్వాడు. "రేపు పొద్దు పొడిచేలోగా రావాలి. గోడ దూకకూడదు, తలుపు విరగ్గొట్టకూడదు, కాపలావాళ్ళకు లంచం ఇవ్వకూడదు. రాలేకపోతే మల్లాచారి పక్కనే నీకూ చాప వేయిస్తాను."

"చాప మెత్తగా ఉండేలా చూడండి ప్రభూ, నాకు నడుము నొప్పి" అని భట్టు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చాడు. ఒక చేతిలో మరమరాల మూట, ఇంకో చేతిలో నువ్వులనూనె ముంత. సింహద్వారం పక్కనున్న అరుగు మీద కూర్చుని మరమరాలు తినడం మొదలుపెట్టాడు.

రాజు గవాక్షంలోంచి చూశాడు. భట్టు తింటున్నాడు. మళ్ళీ వచ్చి చూశాడు. భట్టు కునుకు తీస్తున్నాడు.

"ఏమయ్యా, ప్రయత్నం మొదలెట్టావా?"

భట్టు ఒక కన్ను తెరిచాడు. "సగం అయిపోయింది ప్రభూ."

రాజుకు గుబులు పుట్టింది. తలుపు దగ్గరికి దిగి వెళ్ళి తాళాన్ని లాగి చూశాడు. కదల్లేదు. ముద్దు పెట్టుకున్నంత పనిచేశాడు.

పొద్దు వాలింది. లోపల రాజమాత అక్కమాంబ కుందిలో వత్తి వేసి, సింహద్వారం దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాయనా, దీపాలవేళయింది. తలుపు తియ్యి."

"ఇవాళ్టికి కుదరదమ్మా. పందెం ఉంది."

"గృహప్రవేశం నాడు లక్ష్మీదేవి మొహాన తలుపు వేస్తావా? శత్రువులు కోటను చుట్టుముట్టినప్పుడు కూడా మీ నాన్నగారు ఈ వేళకు తలుపు తెరిపించారు. బాణాలొస్తే రానీ అన్నారు."

"అమ్మా, బయట కొండుభట్టు ఉన్నాడు."

"ఉంటే ఏం? బాణం కన్నా ఎక్కువా?"

రాజు దేశాలు జయించినవాడే, అయినా అమ్మ మాటకు ఎదురు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. మెళ్ళోంచి తాళంచెవి తీసి, తన చేత్తోనే తాళం తీసి, గడియ లాగాడు. తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

గడప అవతల కొండుభట్టు నూనె ముంత పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాపలావాళ్ళు ఈటెలు అడ్డం పెట్టారు.

"తీయండిరా ఆ ఈటెలు!" అంది అక్కమాంబ. "దీపాలవేళ నూనె తెచ్చినవాణ్ణి గడపలో నిలబెడతారా? లోపలికి రా నాయనా. కుడికాలు ముందు పెట్టు."

భట్టు కుడికాలు పెట్టి లోపలికి వచ్చాడు. కుందిలో నూనె పోశాడు. ఆ తరువాత రాజుకు నమస్కారం చేశాడు.

"అమ్మను చేతిలో పెట్టుకుని నన్ను మోసం చేశావు!" అన్నాడు రాజు.

"నేను అమ్మగారితో ఒక్క మాటైనా మాట్లాడలేదు ప్రభూ. ఈ వేళకు వీధి తలుపు తీయమని ఏ తల్లికైనా ఒకరు చెప్పాలా? కోట తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది తమరికీ, పాపం మల్లాచారికీ మాత్రమే."

"అయితే ఇప్పుడు నేనెవర్ని చెరసాలలో వెయ్యాలి? మా అమ్మనా?"

"ఆ ఆజ్ఞ తమరే స్వయంగా వినిపించండి ప్రభూ. నేను ఆ స్తంభం వెనక నిలబడతాను."

రాజు తల్లివైపు చూశాడు. తాళంవైపు చూశాడు. ఆపుకోలేక పకపకా నవ్వాడు. మల్లాచారిని ఆ క్షణమే విడిపించి, చేసిన పనికి తగ్గ పట్టుబట్టలు ఇప్పించాడు. భట్టు భుజాన తన సొంత శాలువా కప్పి, రోజూ దీపాలవేళకు ద్వారం దగ్గర కూర్చుని వచ్చేది లక్ష్మో దొంగో చూసే ఉద్యోగం అతనికే ఇచ్చాడు. మరమరాల ఖర్చు ఖజానాది.

అంతా అయ్యాక కూడా తలుపులు తెరిచే ఉన్నాయి. తాళం ముట్టుకోవడానికి రాజుకు ధైర్యం చాలలేదు.

అక్కమాంబ కుంది పక్కనుంచి లేస్తూ విసుక్కుంది. "ఇంకా చూస్తావేంరా? లక్ష్మి వచ్చేసింది. తాళం వెయ్యి, దోమలొస్తున్నాయి."