వాగుమిట్ట సర్పంచిగారి చెలమ

వినేవాళ్ళు దగ్గరికి జరగండి. నిద్రొచ్చేవాళ్ళు హాయిగా పడుకోండి. సగం కథలో లేచి "ఎక్కడిదాకా వచ్చింది?" అని మాత్రం అడక్కండి, నాకు ఒళ్ళు మండుతుంది.

పిల్లవాగు ఒడ్డున వాగుమిట్ట అని ఒక జంతువుల ఊరుండేది. పెద్ద ఊరేం కాదు. కుందేలు ఈ కొసన గెంతడం మొదలెడితే ఆయాసం రాకముందే ఆ కొసకి చేరేది. అయినా ఊరంటే ఊరే. దారికడ్డంగా ముళ్ళకంప పడితే తీసేవాళ్ళుండేవాళ్ళు. గద్ద తిరిగితే అరిచి చెప్పడానికి కాకి ఉండేది. కాలు విరిగిన మేకకి మేత మోసుకెళ్ళేవాళ్ళుండేవాళ్ళు. ఎవరికీ జీతం లేదు, బిళ్ళ లేదు. అబ్బ, ఏం రోజులవి!

ఎండాకాలం వస్తే వాగు ఎండిపోయేది. అప్పుడు ఊరికంతటికీ ఒకటే ఆధారం, వాగు ఇసుకలో తవ్విన చెలమ. నీళ్ళు తియ్యగా ఉండేవి కానీ చెలమతో ఒక చిక్కుంది. తాగడానికి ఒంగిన ప్రతివాడి కాళ్ళకింద గట్టు ఇసుక కాస్త కాస్త లోపలికి జారుతుంది. అందుకే ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు. ఎవరు తాగితే వాళ్ళు, వెళ్ళేముందు కాస్త ఇసుక తీసి దూరంగా పొయ్యాలి. కోడి రెండు గీరులు గీరేది. కుందేలు వెనక్కి తిరిగి నాలుగు తన్నులు తన్నేది. కాకి ముక్కుతో ఒక్క గులకరాయి తీసి, కొండ మోసినంత గొప్పగా చెప్పుకునేది.

ఊరి పెద్ద గేదె అచ్చమ్మవ్వ. పొద్దు పొడవకముందే లేచి ఇంటింటికీ తిరిగేది. "ఒసే, నీళ్ళందాయా? ఏరా, నిన్న కుంటుతున్నావు, తగ్గిందా?" అని అడిగేది. అందరూ తాగాకే తాను తాగేది. తన బరువుకి గట్టు ఎక్కువ జారుతుందని అందరికంటే ఎక్కువ ఇసుక తీసేది. పుల్లెద్దు చిన్నప్పట్నుంచీ ఆమె వెనకాలే తిరిగి పెరిగాడు. ఊళ్ళో అందరూ అతన్ని పుల్లన్నా అని పిలిచేవాళ్ళు.

అచ్చమ్మవ్వ పోయేముందు పుల్లన్నని దగ్గరికి పిలిచింది. "ఒరే, నాకేం బెంగ లేదు కానీ, ఊరు చెదరకుండా చూడరా," అంది. "చూస్తానవ్వా," అన్నాడు పుల్లన్న. ఆ ఒక్క మాటా గుండెలో పెట్టుకుని రెండేళ్ళు ఊరి పని చూశాడు. పొద్దున్నే ఆ దారిన నడుస్తుంటే అవ్వ ముందు నడుస్తున్నట్టే ఉండేది. అప్పుడప్పుడు కళ్ళు తడిసేవి కూడా.

ఇంతలో దిగబడ్డాడు నక్క భూషణం. ఎక్కడెక్కడో తిరిగొచ్చినవాడు, నాలుగు పెద్ద మాటలు నేర్చినవాడు. ఊరందర్నీ పెద్ద బండ దగ్గరికి పిలిచి గొంతు సవరించుకున్నాడు.

"సభాముఖంగా తెలియజేయునది ఏమనగా! ఇదీ ఒక పరిపాలనేనా? ఆఫీసు లేదు, అర్జీ లేదు, ముద్ర లేదు. పైగా తాగిన ప్రతివాడూ ఇసుక మొయ్యాలా? మీరు పౌరులా, కూలీలా?"

"నిజమే కదా," అన్నాడు కుందేలు చెవులయ్య. వాడికి ఎప్పట్నుంచో వెనక్కాళ్ళు నొప్పులు.

"నన్ను సర్పంచిని చెయ్యండి. రేపట్నుంచి తవ్వకం రద్దు. తాగండి, వెళ్ళండి!"

పుల్లన్న మెల్లగా లేచాడు. "అది కూలి కాదర్రా. మనం జార్చిన ఇసుక మనమే తీస్తున్నాం, అంతే."

"బావా, నువ్వు పాతకాలం మనిషివి," అని నవ్వాడు నక్క. "ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి!"

అందరూ ఘొల్లున నవ్వారు. కొత్తొక వింత, పాతొక రోత. మనుషులు చేతులెత్తే చోట జంతువులు తోకలెత్తుతాయి. ఒక్కొక్క తోకే లేచింది. పుల్లన్న వాటిని లెక్కపెట్టలేదు కానీ, ఒక్క తోక మాత్రం చూశాడు. కోడిపెట్ట సూరమ్మది. పోయిన వానల్లో దాని గుడ్లు తడవకుండా రాత్రంతా అడ్డం నిలబడ్డది తానే. పుల్లన్నకి చాలా కష్టం వేసింది. ఇంటికెళ్ళి పడుకున్నాడు.

మర్నాటి నుంచి పరిపాలన మొదలైంది. నీళ్ళు కావాలంటే బండ నీడన ఉన్న ఆఫీసుకెళ్ళి అర్జీ పెట్టుకోవాలి. సర్పంచిగారు మోదుగాకు మీద తన కుడికాలి ముద్ర వేసిస్తారు. ఆ ఆకు చెలమ దగ్గర కాకి కోటయ్యకి చూపిస్తే తాగనిస్తాడు. చుట్టూ కంప కట్టారు. ఇసుక తియ్యాల్సిన పని లేదు. మొదటి రెండు రోజులూ అందరికీ పెళ్ళివారిల్లులా ఉంది.

మూడోరోజు నీళ్ళు మోకాలి లోతు నుంచి గిట్ట లోతుకి దిగాయి. ఐదోరోజుకి కోడి గోళ్ళు తడిసేంతే మిగిలాయి. పుల్లన్నకి ప్రాణం ఒప్పలేదు. తెల్లారగట్లే వెళ్ళి, కాలు చాచి ఇసుక లాగబోయాడు.

"ఆగు! అనుమతి ఉందా?" అని అరిచాడు కాకి కోటయ్య.

"ఇసుక తియ్యడానికి అనుమతేంట్రా? నిన్నమొన్నటిదాకా నువ్వే గులకరాయి తీసేవాడివి కదరా."

"అప్పుడు నాకు పదవి లేదు," అన్నాడు కోటయ్య.

"నీళ్ళు ఇంకిపోతున్నాయి, కనబడ్డంలేదా?"

"అది నా విభాగం కాదు."

ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నారు పెద్దలు, ఊరికే అన్నారా! పుల్లన్న తల దించుకుని వెనక్కి తిరిగాడు.

ఎనిమిదోరోజుకి చెలమలో మిగిలింది చెమ్మ. ఆకులున్నాయి, ముద్రలున్నాయి, నీళ్ళే లేవు. మేకలు మూటాముల్లె సర్దుకుంటున్నాయి. కొండవైపు పోతే ఊట ఉందట, రెండు రోజుల నడకట. ఆ మధ్యాహ్నం కోడిపెట్ట సూరమ్మ తొమ్మిది పిల్లల్ని వెంటేసుకుని పుల్లన్న దగ్గరికొచ్చింది.

"అన్నా, నా తోక కూడా లేచింది. నన్ను తిట్టు."

"తిట్టి ఏం చేస్తానే సూరమ్మా."

"అందరూ కొండకి పోతారు. వీళ్ళ కాళ్ళు చూశావా? దారంతా బయలే, పైన గద్దలు. కొండ చేరేసరికి తొమ్మిదిలో ఒక్కటైనా మిగులుతుందా?" అంది. "ఉన్న ఊరు కన్నతల్లి అని అవ్వ చెప్తుంటే విసుక్కునేదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది."

పుల్లన్నకి అవ్వకిచ్చిన మాట గుర్తొచ్చింది. లేచి నేరుగా ఆఫీసుకెళ్ళాడు. సూరమ్మ వెనకాలే వెళ్ళింది.

"భూషణం, పాత పద్ధతి పెట్టించు. వారంలో చెలమలో నీళ్ళూరతాయి. సర్పంచిగా నువ్వే ఉండు, నాకేం అక్కర్లేదు."

నక్కకి లోపల గుబులుగానే ఉంది. కానీ తప్పని ఒప్పుకుంటే పదవికి పరువేముంటుంది? "రోజూ గీరుకోవడం బీదవాళ్ళ పని బావా. నా దగ్గర పెద్ద పథకం ఉంది. ఒక్కసారే నిలువు లోతు తవ్వేద్దాం. జన్మలో మళ్ళీ తవ్వక్కర్లేదు. రేపే ప్రారంభోత్సవం. నేను ఉపన్యసిస్తాను, నువ్వు తవ్వుతావు."

"ఇసుకలో నిలువుగా తవ్వితే గట్టు కూలుతుంది. చుట్టూ ఏటవాలుగా తీసుకుంటూ రావాలి, అదీ కొంచెం కొంచెంగా."

"చెప్పింది చెయ్యి! సర్పంచి నువ్వా, నేనా?"

మర్నాడు పొద్దున ఊరంతా వాగులో చేరింది. చెలమకి మామిడాకులు కట్టారు. కోటయ్య గొంతు పగిలేలా చాటాడు. నక్క పక్కనున్న బండెక్కి ఉపన్యాసం మొదలెట్టి ఎంతకీ ఆపలేదు. మాటలు కోటలు దాటుతున్నాయి కానీ కాళ్ళు బండ దిగడంలేదు. ఆఖరికి, "ఇక పుల్లన్నగారు తవ్వుతారు," అన్నాడు. పుల్లన్న ఎదురు చెప్పడం చేతకాక ముందుకి అడుగేశాడు.

"అయ్యయ్యో, ఆగండి!" అని సూరమ్మ రెక్కలు చాచి అడ్డమొచ్చింది. "ఇంత పెద్ద పనికి మొదటి కాలు పెద్దవాళ్ళది పడాలి కదా. అచ్చమ్మవ్వ అయితే ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. సర్పంచిగారుండగా ఎద్దు కాలు పెడితే, రేపు ఈ చెలమని ఎవరి పేరుతో పిలుస్తారు? ఎద్దు చెలమ అంటారు!"

నక్క చెవులు నిక్కాయి. "అంటారా?"

"అనరూ మరి?"

"నేనే తవ్వుతాను," అని నక్క చెలమలో దూకాడు. సూరమ్మకి వాడి ప్రాణం తియ్యాలని లేదు. ఒకసారి వాడి ఒంటికి చెమట పట్టిస్తే చాలనుకుంది.

"ఆహా, ఏం తవ్వకం!" అంది సూరమ్మ. "అవ్వ కూడా ఇంత లోతుకి పోలేదు!" అన్నాడు చెవులయ్య. పొగడ్త చెవిన పడేకొద్దీ నక్క ముందుకాళ్ళు గబగబా ఆడాయి. తల కిందికి, తోక పైకి పెట్టి లోతుకి లోతుకి పోయాడు.

"చాల్రా భూషణం, పైకి రా! గట్టు పలుచబడుతోంది!" అని అరిచాడు పుల్లన్న.

"నీకు కుళ్ళు!" అని లోపల్నుంచి జవాబొచ్చింది. అంటూనే వాడు తిరిగి తల పైకెత్తాడో లేదో, నాలుగువైపులా ఇసుక జరజరా జారి వాడిని మెడదాకా కప్పేసింది.

"రక్షించండి!"

కాకి కోటయ్య వంగి చూశాడు. "అర్జీ ఉందా?"

"ఒరేయ్, నేనురా!"

"మీరు పెట్టిన రూలే కదండీ. ముద్రున్న ఆకు లేకపోతే ఇక్కడ ఒక్క ఇసుక రేణువు కూడా కదల్చకూడదు."

"ముద్ర ఎలా వెయ్యనురా, కుడికాలు కిందుంటే!"

జంతువులన్నీ పడీపడీ నవ్వాయి. నవ్వుతుండగానే ఇంకొంచెం ఇసుక జారి నక్క గడ్డానికి తగిలింది. నవ్వులు ఆగిపోయాయి.

పుల్లన్న పరుగున రెండడుగులు వేసి చప్పున నిలబడిపోయాడు. తాను ఇంకో అడుగు వేస్తే ఆ బరువుకి గట్టంతా వాడి నెత్తిన కూలుతుంది. తన బలం ఇక్కడ ఎందుకూ కొరగాదు. వెనక్కి తగ్గి ఊరివాళ్ళ వైపు చూశాడు.

"నా వల్ల కాదర్రా. తేలికైనవాళ్ళు రావాలి. తలా కాస్త తియ్యండి. అంతే, తలా కాస్త."

ఎవరూ కదల్లేదు. వాడివల్లే కదా ఇంత కష్టం! కోటయ్యే ముందు కిందికి దిగాడు. ఎంతైనా ఒకే బండ నీడన నక్కతో కబుర్లు చెప్పుకున్నవాడు కదా. ముక్కుతో ఒక గులకరాయి తీసి పక్కన పెట్టాడు. సూరమ్మ వచ్చి రెండు గీరులు గీరింది. చెవులయ్య వెనక్కి తిరిగి నాలుగు తన్నులు తన్నాడు. మేకపిల్లలు, ఉడతలు, తొండలు అన్నీ వరసకట్టాయి. ఒకళ్ళు తియ్యడం, పక్కకి తప్పుకోవడం, ఇంకొకళ్ళు రావడం. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. ఆ వరస చూసి పుల్లన్న ఏడ్చాడు. ఎనిమిది రోజుల్లో ఈ ఊరు మర్చిపోయిందేమో అని తాను భయపడ్డది ఇదే.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నక్క భుజాలు బయటపడ్డాయి, తర్వాత కడుపు. కడుపుదాకా వచ్చేసరికి చుట్టూ ఇసుక తడిసి నల్లబడింది. బుడబుడమని నీళ్ళూరాయి.

నక్క దులుపుకుని పైకొచ్చి అన్న మొదటి మాట: "చూశారా, నా పథకం! నీళ్ళొచ్చాయి!"

వాడికి సిగ్గెక్కడిది! కుందేలు తన్నడానికి కాలెత్తాడు. సూరమ్మ ఆపింది.

"వద్దులేరా. సర్పంచిగారి పదవి మనం తియ్యొద్దు. ఆయనే ఉంటారు."

నక్క ముఖం వెలిగింది.

"ఉంటారు కానీ, ఈ ఊళ్ళో పెద్ద చేసే పనులు కొన్నున్నాయి. పొద్దు పొడవకముందు లేచి ఇంటింటికీ వెళ్ళి నీళ్ళందాయా అని అడగాలి. అందరూ తాగాక తాగాలి. అందరికంటే ఎక్కువ ఇసుక తియ్యాలి. రేపట్నుంచి మొదలుపెట్టండి బాబూ."

"రోజూనా?" అన్నాడు నక్క.

"వానలు పడేదాకా. మళ్ళీ ఎండాకాలం మళ్ళీ."

మొదటిరోజు నక్క లేచాడు. మూతి ముడుచుకుని తిరిగాడు. రెండోరోజు సగం ఇళ్ళకి వెళ్ళాడు, దాహానికి నాలుక వేలాడింది. మూడోరోజు పొద్దున చూస్తే గుహ ఖాళీ. అవతలి ఊరికి పోయి, తాను వాగుమిట్ట మాజీ సర్పంచినని చెప్పుకుంటున్నాడని తర్వాత ఎవరో చెప్పారు.

మేకలు మూటలు విప్పాయి. "అన్నా, నువ్వే సర్పంచిగా ఉండు," అన్నారు అందరూ.

"ఆ పేరెందుకర్రా, ముందు తాగండి," అన్నాడు పుల్లన్న. సూరమ్మ తొమ్మిది పిల్లలూ వరసగా తాగి, బుల్లి కాళ్ళతో తలా ఒక గీరు గీరి వెళ్ళేదాకా నిలబడి చూశాడు. ఆఖరున తాను మోకాళ్ళు వంచి నీళ్ళలో మూతి పెట్టాడు. చల్లగా ఉన్నాయి.

ఊరి పని అందరి కాళ్ళమీదా నడిచినన్నాళ్ళే ఊరి నీళ్ళు అందరి గొంతులోకీ దిగుతాయి.